స్వార్జితమను మాట

మన గృహములలో ఆస్తి రెండు విధములు: పిత్రార్జితము, స్వార్జితము. పిత్రార్జితముపై బిడ్డలకు పుట్టుకతోనే హక్కు కలుగును. స్వార్జితమును ఆర్జించినవాడు తన యిచ్చవచ్చినట్లు వినియోగించుకొనవచ్చును. కావుననే పంపకముల వేళ ప్రతివాడును తన పొలము స్వార్జితమేయని చెప్పజూచును. ఇట్టి తగవులలో మన న్యాయస్థానములు చిరకాలముగా ఒక ప్రశ్న వేయుచున్నవి. ఈ సంపాదనకు మూలధనమెక్కడిది? ఉమ్మడి సొమ్ము దీనిలో చేరలేదా? అందుకు చాలినంత ఉమ్మడి సొత్తు ఉండెనని తేలినచో, స్వార్జితమని ఋజువు చేయు భారము ఆ మాట పలికినవానిమీదనే పడును. ఒళ్లు వంచి పని చేసితినని చెప్పినంతమాత్రమున ఆ భారము తీరదు.

ఈ ప్రశ్ననే మేమిప్పుడొక దూరదేశపు రైతునకు వేయదలచినారము.

ఆ రైతు కథ చదువరులకు క్రొత్తది కాదు. ఇంగ్లండులో గుంటెడు నేలయైన లేని కూలివాడొకడు ఓడ యెక్కి, నెలల తరబడి సముద్రముపై గడపి, న్యూజీలాండు చేరును. అడవి నఱకును, కాల్చును, బూడిదపై గడ్డివిత్తనములు చల్లును. రెండావులను కొనును, రెండు పదియగును, పది ముప్పదియగును. మనుమల కాలమునకు కనుచూపు మేర పచ్చికబయలు, దానిలో పొదుగులు బరువెక్కిన ఆవులమంద. ఈ కథ చెప్పి మన పెద్దలు కుఱ్ఱవాండ్రను మందలింతురు: "వారు ఒట్టి చేతులతో పోయి బాగుపడిరి, మీరు ఉన్న ఊరిలో ఉన్న పొలమునైన చక్కగా దున్నుకొనలేరు." ఉద్యమశీలతను గూర్చిన ఉపన్యాసములలో ఇంతకంటె సులభమైన దృష్టాంతము లేదు. మేమును దీనిని మెచ్చుకొన్నవారమే, పిల్లలకు చెప్పినవారమే. లెక్క చూచిన పిమ్మట మఱల చెప్పుటకు నోరు రాకున్నది.

ఆ రైతు కష్టపడలేదని మేమనుట లేదు. మోకాలిలోతు బురదలో బండి లాగించినాడు, వానలో పాలు పితికినాడు, గొడ్డలి వ్రేటుకు వ్రేళ్లు పోగొట్టుకొన్నవారును కలరు. మా వివాదమంతయు "ఒట్టి చేతులు" అను ఆ ఒక్క మాటతోనే.

లెక్క యేదో యొక చోటనే చూడవలెను గనుక, తారానాకి సీమను తీసికొందము. అది ఉత్తర ద్వీపమునకు పడమటి తీరమున నున్నది. నడుమ 2,518 మీటర్ల యెత్తున మంచు తలపాగా ధరించిన అగ్నిపర్వతము. దాని చుట్టును ఆ కొండ వెలిగ్రక్కిన సారవంతమైన మన్ను. ఏడాది పొడుగునను వాన. పాడికి ఇంతకంటె అనువైన నేల భూమిపై అరుదు. న్యూజీలాండు వెన్నకు లోకమంతట పేరు తెచ్చిన సీమలలో ఇదియొకటి. అక్కడి పాడిక్షేత్రముల క్రయపత్రములను తిరుగవేయుచు మొదటి పుట వఱకు పోయినచో ఏమి కనబడును?

మొట్టమొదట కనబడునది ఒక వర్తక సంఘము. ఎడ్వర్డు గిబ్బను వేక్‌ఫీల్డు అను ఇంగ్లీషువాడు 1829 లో ఒక సిద్ధాంతము ప్రకటించెను. క్రొత్త దేశములలో భూమిని చౌకగా నమ్మరాదు. చౌకగా నమ్మినచో కూలివాడు వచ్చిన మఱునాడే భూస్వామి యగును, మూలధనము గలవానికి పనివాడు దొరకడు. కావున కూలివాడు కొన్నియేండ్లు పరుల పొలములో పాటుపడిన గాని కొనజాలనంత వెల యుంచవలెను. ఇదియే దాని సారము. ఈ సిద్ధాంతముపై 1839 లో న్యూజీలాండు కంపెనీ ఏర్పడెను. ఒక పట్టణపుటెకరము, నూఱు పొలపుటెకరములు కలిపి 101 పౌన్లకు లండనులో అమ్మిరి. అమ్మిన నాటికి ఆ భూమిని కంపెనీవారు మావోరీలయొద్ద ఇంకను కొననేలేదు. దీనితో కలిసిపోయిన ప్లిమతు కంపెనీ పంపిన మొదటి వలసవారే 1841 లో తారానాకికి చేరిరి. ఒట్టి చేతులవానికి భూమి దొరకకుండ చూచుటయే ఏ యేర్పాటునకు పునాదియో, ఆ యేర్పాటునే మనము ఒట్టి చేతులవాని విజయగాథగా పిల్లలకు చెప్పుచున్నారము!

రెండవ పుటలో ఒక ఒడంబడిక కలదు. 1840 ఫిబ్రవరి 6 న వైతాంగి యను చోట ఇంగ్లండు రాణి ప్రతినిధియు మావోరీ నాయకులును సంతకములు చేసిరి. భూములు, అడవులు, చేపల రేవులు మావోరీలు తమంతట తాము అమ్ముకొనగోరునంత వఱకు వారివేయని అందు వ్రాసిరి. ఇరువదియేండ్లు గడువకమునుపే తారానాకిలో ఈ మాటకు పరీక్ష వచ్చెను. వైతారా నదీతీరమున 600 ఎకరముల పెకాపెకా భూమిని తేయిరా అను నతడు 1859 లో గవర్నరునకు అమ్మజూపెను. భూమి యొక్కనిది కాదు, తెగకంతటికి ఉమ్మడి. తెగకు పెద్దయైన విరేము కింగి తే రంగితాకె సభలోనే లేచి, అమ్మము అని చెప్పి వెడలిపోయెను. మన పల్లెలో ఉమ్మడి కుటుంబములోని చిన్నవాడొకడు పెద్దలెవరి సమ్మతియు లేక పొలమునమ్మినచో కొన్నవాని నేమందుమో, గవర్నరును నట్లే యనవలసియున్నది. ఆయన కొనెను, కొలతదారులను పంపెను, అడ్డుపడినవారిమీదికి సిపాయిలను పంపెను. 1860 మార్చి 17 న యుద్ధమారంభమయ్యెను. మూడేండ్లకు మఱియొక గవర్నరు ఆ కొనుగోలు చెల్లదని దానిని విడిచిపెట్టెను. విడిచిపెట్టిన ఆ భూమియే 1865 లో జప్తు క్రింద మఱల సర్కారున చేరెను.

జప్తునకు ఆధారమైన చట్టము 1863 నాటిది. తిరుగుబాటు చేసిన తెగల భూమిని తీసికొని వలసవారికి పంచుటకు దానిని చేసిరి. తారానాకిలో జప్తు గీతలోపల పడినది సుమారు 12 లక్షల ఎకరములు. ఆ గీతలోపల తిరుగుబాటు చేసినవారును, చేయనివారును, సర్కారు పక్షమున నిలిచినవారును ఉండిరి. గీత మాత్రము అందఱను ఒక్క తీరుననే చుట్టెను.

ఇచ్చట ఒక యాక్షేపణ వినబడును. ఆ భూమి వట్టి బీడు గదా, ఎవరును సాగుచేయనిదే గదా, అడవిని పొలము చేసినవానిదే పొలము గదా, అని. దట్టమైన అడవులు చాలనుండుట నిజమే. కాని వైతారా బీడు కాదు. కింగి జనులకు నాగళ్లుండెను, బండ్లుండెను, గుఱ్ఱములును పశువులును ఉండెను. 1840, 1850 దశకములలో ఉత్తర ద్వీపపు మావోరీలు గోధుమ పండించి, తమ సొంత మరలలో పిండి పట్టించి, తమ పడవలలో ఆక్లండు పట్టణమునకు చేర్చి అమ్ముచుండిరి. వలసవారి నోటికి చాలకాలము అన్నము పెట్టినది ఆ సేద్యమే. సేద్యము తెలియనివారి చేతినుండి తెలిసినవారి చేతికి భూమి మాఱినదని చెప్పుట చరిత్ర యెఱుగనివారి మాట.

మూడవ పుట మన చదువరుల గుండెలను తాకవలసిన పుట. జప్తయిన భూమిలో పారిహాకా అను గ్రామము కలదు. తే వితీ ఓ రోంగోమై, తోహు కాకాహి అను ఇరువురు పెద్దలు అచ్చటి జనులను ఆయుధము పట్టవలదని శాసించిరి. 1879 లో సర్కారు కొలతదారులు తమ పొలములలో దిగగా, వీరి శిష్యులు నాగళ్లు కట్టి, వలసవారు స్వాధీనపఱచుకొన్న పచ్చికబయళ్లను దున్నిరి. పట్టుకొనవచ్చినవారికి చేతులొగ్గిరి. ఒకరు పోగా మఱియొకరు నాగలి పట్టిరి. వందలమందిని విచారణ లేకయే దక్షిణ ద్వీపపు చెఱసాలలకు పంపిరి. తుదకు 1881 నవంబరు 5 న సుమారు 1,600 మంది సాయుధులు ఆ గ్రామమును చుట్టుముట్టిరి. ఎదురు వచ్చినది పాడుచున్న పిల్లలు. వచ్చినవారికై కాల్చియుంచిన రొట్టెలు. పెద్దల నిరువురను పట్టుకొనిపోయి 1883 వఱకు విచారణ లేక నిర్బంధించిరి. ఇండ్లు కూల్చిరి, పైరు పాడుచేసిరి. దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముడు సత్యాగ్రహమునకు దిగుటకు ఇది ఇరువదియైదేండ్లు ముందు. ఆయన పేరు తలచి చేతులు మోడ్చు మనము, పారిహాకా నాగళ్లమీదుగా లేచిన కంచెలను చూచి, ఆహా ఎంతటి ఉద్యమశీలతయని మెచ్చుకొనవచ్చునా?

తేదీలను ప్రక్క ప్రక్కన నుంచి చూడుడు. గ్రామమును ముట్టడించినది 1881 నవంబరు. చల్లదనపు యంత్రమమర్చిన డునీడిన్ అను ఓడ సుమారు 5,000 గొఱ్ఱెల మాంసమును, కొంత వెన్నను నింపుకొని న్యూజీలాండు విడిచినది 1882 ఫిబ్రవరి 15. లండను చేరినది మే 24. అంతవఱకు పాలు, వెన్న చాలవఱకు అచ్చటనే చెల్లవలసినవి. చెల్లనివి పందులకు పోయవలసినవి. ఆ యోడ చేరిననాడు తారానాకి గడ్డికి లండను బజారులో వెల పుట్టెను. భూమి చేజిక్కినది ముందు. దానికి బంగారపు విలువ వచ్చినది ఆరు నెలల పిమ్మట. మావోరీలకు మిగిల్చిన భూములనైన వారు ఏలుకొనిరా? లేదు. వానిని పబ్లిక్ ట్రస్టీ యను అధికారి చేతిలో నుంచిరి. 1892 నాటి చట్టము వానిని వలసరైతులకు ఎన్నటికిని తెగని కౌలు క్రింద నప్పగించెను. అద్దె నిర్ణయము ఇరువదియొకటేండ్లకొక్క మాఱు. భూమి పేరునకు మావోరీది. గడ్డి, ఆవు, పాలు, వెన్న, చెక్కు పరునివి. ఇట్టి కౌళ్లకు ఏడేండ్లకొకమాఱు నేటి విలువనుబట్టి అద్దె సరిచూడవలెనను నియమము 1997 లో గాని రాలేదు.

భూమి మాట అటుంచి, దానిని కొనుటకును నడపుటకును కావలసిన ధనమెక్కడిదో చూతము. ఇచ్చట వలసరైతు తన బాహుబలమునే నమ్ముకొనెనని చెప్పువారు చట్టముల పుస్తకము తెఱచినవారు కారు. 1892 భూచట్టము క్రింద సర్కారు భూమిని రొక్కమునకు కొనవచ్చును. రొక్కము లేనివాడు తొలుత సాగుచేసి పిమ్మట కొనవచ్చును. లేదా 999 సంవత్సరముల కౌలుకు, భూమి తొలి విలువపై నూటికి నాలుగు చొప్పున అద్దెకు పుచ్చుకొనవచ్చును. ఆ యద్దె ఎన్నటికిని పెరుగదు. 1894 లో సర్కారు లండనులో అప్పు తెచ్చి, నూటికి అయిదు వడ్డీకి రైతులకు తనఖాపై నిచ్చుటకు చట్టము చేసెను. వడ్డీవ్యాపారి గుప్పిటనుండి ఆ దేశపు చిన్నరైతును విడిపించినది ఈ చట్టమే. 1881 లోనే విదేశమునకు వెన్నగాని జున్నుగాని నిర్ణీత పరిమాణమున పంపిన మొదటి కర్మాగారమునకు 500 పౌన్ల బహుమానము ప్రకటించిరి. 1892 లో వ్యవసాయశాఖ యేర్పడి, పాడి విద్య నేర్పువారిని ఊరూర త్రిప్పెను. ఎగుమతి వెన్నకు తరగతులేర్పఱచెను. ఇవన్నియు మంచి పనులు. మన దేశమున నిట్టివి చేయుడని మేము వేయి నోళ్ల కోరుదుము. కాని ఇన్ని యూతకఱ్ఱలు పట్టుకొని నడచినవానిని చూపి, ఊత లేని మన రైతును చూచి, వాడు నడిచెను, నీవేల నడువవు అని గద్దించుట న్యాయమా? పెక్కుమంది పేర పత్రములున్న భూమిని తనఖా పుచ్చుకొనుటకు అప్పిచ్చువారు జంకుదురు గనుక, ఈ యూత మావోరీ రైతునకు సామాన్యముగా నందలేదు. అంతేకాదు; చిన్నరైతుకు పెన్నిధియని పేరుగాంచిన ఆ లిబరల్ ప్రభుత్వమే 1891 మొదలు 1911 లోపల మావోరీలనుండి సుమారు 31 లక్షల ఎకరములు కొని వలసవారికి పంచెను.

మఱియొక ఋణదాతను గూర్చి చెప్పవలసియున్నది. తారానాకి వలసవారి చేతిలో రొక్కము ఆడని దినములలో, నఱికిపడవేసిన మ్రానులపై మొలచు ఒక జాతి కుక్కగొడుగును కొనువాడొకడు వచ్చెను. చీనావాడైన ఆ వర్తకుని పేరు చ్యూ చాంగు. దానిని ఎండబెట్టి చీనాకు పంపుచుండెను. ఇంటిల్లిపాదియు బుట్టలతో అడవికిపోయి ఏఱితెచ్చిన ఆ కుక్కగొడుగుల డబ్బుతోనే ఎన్నియో సంసారములు పన్నులు కట్టెను, ఉప్పు పప్పులు కొనెను, ఆవులను కొనెను. ఆయనయే 1887 లో ఎల్‌థాములో వెన్న కర్మాగారము పెట్టి, చల్లబఱచు యంత్రము వాడి, విదేశమునకు వెన్న పంపెను. అట్టివాని జాతివారు ఆ దేశములో దిగుటకు 1881 లో తలకు 10 పౌన్ల పన్ను వేసిరి. 1896 లో దానిని 100 పౌన్లకు హెచ్చించిరి. ఆ పన్ను 1944 లో గాని రద్దు కాలేదు. ఉపకారికి చేసిన ప్రత్యుపకారమిది. స్వార్జితమని చాటుకొనువాని లెక్కపుస్తకములో ఈ పద్దు వెదకినను దొరకదు.

ఇక ఇంటిలోనికి పోదము. పాడి యనునది మగవాడు గొడ్డలి పుచ్చుకొని అడవికిపోయినంతనే నడచునది కాదు. ఆవును దినమునకు రెండుమాఱులు పితుకవలెను. పండుగయని, జ్వరమని, పురుడని ఆవు ఆగదు. యంత్రములు వ్యాపించువఱకు ఈ పని అంతయు చేతులతోనే. తెల్లవాఱకముందే తల్లి లేచును. ఆమెతో ఎనిమిదేండ్లవాడు, పదేండ్లపిల్ల. పాలు పితికి, బిందెలు బండికెక్కించి, తండ్రి కర్మాగారమునకు తోలుకొనిపోగా, పిల్లలు బడికి నడచిపోయి బల్లలపై తలవాల్చి నిద్రించుచుండిరి. ఈ సంగతి అచ్చటి ఉపాధ్యాయులే మొఱపెట్టిరి. సాయంకాలము మఱల కొట్టములోనే. కర్మాగారమునుండి వెనుకకు వచ్చిన మీగడ తీసిన పాలను దూడలకు, పందులకు పోయుట, బిందెలు కడుగుట, దూడల సంరక్షణము, ఇన్నిటి నడుమ వంటయు, పురుళ్లును ఆ యిల్లాలివే. కూలికి మనిషిని పెట్టియుండినచో ఎన్ని పెద్ద క్షేత్రములు మొదటి పదియేండ్లు దాటియుండును? అయినను నెల తిరుగగానే వచ్చు పాలచెక్కుపై నుండు పేరు భర్తదే.

న్యూజీలాండు 1893 లో స్త్రీలకు వోటునిచ్చెనని మనమందఱమును పొగడుదుము, పొగడదగినదే. కాని వోటు వచ్చిన ఎనుబదిమూడేండ్లకు, 1976 నాటి చట్టముతో గాని, దాంపత్యములో కూడబెట్టిన ఆస్తిలో భార్యాభర్తలకు సమభాగమను సూత్రము స్థిరపడలేదు. దేశమునేలు పార్లమెంటులో తన మాట చెల్లించుకొనగలిగిన యిల్లాలు, తాను పితికిన పాలతో కొన్న పొలములో మాత్రము చిరకాలము అతిథియే. ఆమె కష్టమును మూలధనముగా లెక్కించినవాడు లేడు.

"మీరెన్ని చెప్పినను పనిచేసినవాడు బాగుపడును, చేయనివాడు చెడును" అని యింకను అనువారికి మాంగాపురువా లోయ కథ చెప్పెదము. మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగివచ్చిన సిపాయిలకు, వాంగనుయి నది యెగువనున్న ఆ లోయలో ప్రభుత్వము భూములిచ్చెను. వారును గొడ్డలియే పట్టిరి. అడవి నఱికిరి, కాల్చిరి, గడ్డి చల్లిరి. గొఱ్ఱెలను, పశువులను తోలిరి. వారి భార్యలును చీకటినే లేచిరి. కాని అది తారానాకి మన్ను కాదు, నిట్టనిలువు కొండలు. చెట్టుపోయిన కొండచరియలు వానకు జాఱి దిగెను, బాట కొట్టుకొనిపోయెను, 1921 లో ధరలు పడిపోయెను, అప్పు మాత్రము నిలిచెను. ఒక్కొక్క కుటుంబమే వెడలిపోగా, లోయకు ద్వారముగా 1936 లో కాంక్రీటు వంతెన కట్టిరి. 1942 లో కడపటివారిని ప్రభుత్వము ఖాళీ చేయించెను. ఆ వంతెన నేటికిని అడవి నడుమ నున్నది. దారి లేని వంతెనయని జనులు దానిని చూడబోవుదురు. యుద్ధములో ప్రాణమునకు తెగించిన ఆ మనుష్యులు సోమరులా? గొడ్డలి యొక్కటియే, చెమట యొక్కటియే. వేఱైనది కాళ్లక్రిందనున్న మన్ను, కొండవాలు, బజారు ధర. మంచి మన్ను ఎవరిచేతికి ఎట్లు వచ్చెనన్నదే ప్రశ్నయని మేమనుట ఇందువలననే.

ఇక కడపటి యాక్షేపణ. జప్తుచేసినది సర్కారు, రైతు సర్కారునకు వెల చెల్లించి కొనెను, అతని మనుమడు తండ్రివద్ద పొందెను, వీరిలో దోషియెవడు? ఈ మాటలో సత్యము కలదు. వెలయిచ్చి కొన్నవానిని దొంగయనుటకు మేము సాహసింపము. అతనిని పొలమునుండి వెడలగొట్టుమనియు మేము చెప్పము. పత్రము చెల్లవచ్చును. పత్రము చెల్లుట వేఱు, పొగడ్త చెల్లుట వేఱు. ఋణము తీర్పకయే చనిపోయిన తండ్రి ఆస్తి పుచ్చుకొన్న కొడుకు, ఆ ఋణము నేను చేయలేదనుచు, ఆస్తి మాత్రము నాదేయనునా? మన సంప్రదాయములో అట్టివానిని పెద్దమనిషియనరు.

ఆ దేశమువారే ఈ లెక్కను మఱల తెఱచిరి. 1975 లో వైతాంగి ఒడంబడిక విషయమై విచారణసభ నేర్పఱచిరి. 1985 లో దానికి 1840 వఱకు వెనుకకు పోయి విచారించు అధికారమిచ్చిరి. 1996 లో ఆ సభ తారానాకి జప్తులను తీవ్రముగా ఖండించుచు నివేదిక ప్రకటించెను. 2017 జూనులో సర్కారు ప్రతినిధి పారిహాకాకు పోయి క్షమాపణ చెప్పెను. 2025 లో ఆ మంచుకొండకే వ్యక్తికుండు హక్కులు చట్టముచే నిచ్చిరి. ప్రైవేటు చేతులలోని భూమిని తిరిగియిప్పింపుమని ఆ సభ సిఫారసు చేయకుండ 1993 లోనే చట్టము చేసిరి గనుక, పాడిక్షేత్రములు మాత్రము ఉన్నచోటనే యున్నవి. ఇచ్చిన పరిహారము పోయినదానిలో స్వల్పభాగమే. అయినను తప్పు తప్పేయని వ్రాతమూలకముగా ఒప్పుకొనుట చిన్నసంగతి కాదు. ఎవరి కథను మనము గొప్పగా చెప్పుకొనుచున్నామో వారే ఆ కథను దిద్దుకొనుచుండగా, మనము పాత పాఠమునే వల్లించుట ఏమి వివేకము?

ఈ లెక్కలు మనకేలయని చదువరులు అడుగవచ్చును. మన యేజెన్సీ ప్రాంతములకు పోయి చూడుడు. మైదానములనుండి పోయినవారు అచ్చట భూములు కొని, అడవిని బంగారుపంట చేసితిమని చెప్పుకొందురు. గిరిజనుల భూమి పరులకు పోకుండ 1917 లో నొక చట్టము, 1959 లో నొక నిబంధన, 1970 లో దానికి మఱింత కట్టుదిట్టమైన సవరణ చేయవలసివచ్చెననుటయే ఆ కొనుగోళ్లు ఎట్టివో చెప్పుచున్నది. అచ్చటి మొదటి పుటను తిరుగవేయుటకు మనమెందఱము సిద్ధముగా నున్నాము?

అంతదూరమేల? మన పెరటిలోని గేదెనే చూడుడు. గడ్డి కోసి తెచ్చినదెవరు, కుడితి పెట్టినదెవరు, పేడ యెత్తినదెవరు, పాలు పితికినదెవరు? పాలకేంద్రపు పుస్తకములో పేరెవరిది? గేదెను కొన్న డబ్బు నాదిగదాయని గృహస్థుడు అనవచ్చును. ఆ గేదె ఈనిన నాటినుండి దానిని పోషించినది పాలడబ్బే. పాలడబ్బును పుట్టించినది ఆమె చేతులే. గేదె గడించినది గృహస్థుని స్వార్జితమెట్లయ్యెనో మాకు బోధపడకున్నది. గృహసంస్కారమును కోరువారు స్త్రీవిద్యను గూర్చి సభలు చేయుటకు ముందు ఆ పుస్తకములో పేరు మార్పించవచ్చును. దానికి సభ యక్కఱలేదు, తీర్మానము నక్కఱలేదు.

కుఱ్ఱవాండ్రకు కష్టపడుటను నేర్పవలసినదే. దానికి న్యూజీలాండు రైతును చూపవలసివచ్చినచో, నిండుగా చూపుడు: అతని గొడ్డలిని, దాని క్రింద నున్న మన్నును, నూటికి అయిదు వడ్డీకి దొరకిన అప్పును, చీనావర్తకుని కుక్కగొడుగుల డబ్బును, బడిలో నిద్రపోయిన పిల్లవానిని, పారిహాకా త్రోవలో రొట్టెలు పట్టుకొని నిలిచినవారిని. అంతయు విన్న పిమ్మట ఆ పిల్లవాడు, అయ్యా, ఇంతమంది సొమ్ము చేరినది ఒక్కని స్వార్జితమెట్లగునని అడిగినచో, వానిని మందలింపకుడు. న్యాయస్థానములు అడుగుచున్న ప్రశ్ననే వాడును అడిగినాడు.